పొద్దున్నెళ్ళి రాత్రికొచ్చే పరదేశం

“శనివారం టాలిన్ వెళ్ళొద్దామమ్మా. పొద్దున్న వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చేద్దాం” అంది మా అమ్మాయి, బెండకాయలు తరుగుతూ.

టాలిన్ అంటే ఎస్టోనియా దేశపు రాజధాని. మేమున్నది ఫిన్లాండులో, హెల్సింకీని ఆనుకుని ఉన్న ఎస్పో ఊళ్ళో. మధ్యలో సముద్రం ఉంది. ఈ పిల్లేమిటి, అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళొచ్చినట్టు చెబుతోంది అనుకున్నాను. పైకి కూడా అన్నాను. “కాకినాడ కంటే తేలికమ్మా. బస్సు కోసం నిలబడక్కర్లేదు” అంది.

నేను ఈ వేసవికి దాని దగ్గరున్నానని పోయినవారం రాశాను కదా. ఆ ఫిన్లాండు వీసాకే నా తలప్రాణం తోకకొచ్చింది. వేలిముద్రలు, బ్యాంకు కాగితాలు, తిరుగు టిక్కెట్టు, ఇన్సూరెన్సు. ఇప్పుడు ఇంకో దేశానికి మళ్ళీ అవన్నీ ఎక్కడ తెస్తాం అని నా బాధ. మా అల్లుడు నవ్వి, “అత్తయ్యగారూ, మీది షెంజెన్ వీసా. ఎస్టోనియా 2007 చివర్లోనే అందులో చేరిపోయింది. మీకున్న వీసా చాలు. పాస్‌పోర్టు మాత్రం దగ్గరుంచుకోవాలి, దార్లో ఎవరైనా అడగొచ్చు” అన్నాడు. అమ్మాయి బీరువాలోంచి నాలుగు పాస్‌పోర్టులు తీసి, రబ్బరు బ్యాండు వేసి బ్యాగులో పెట్టుకుంది. నాలుగూ నీలం అట్టవే. మనవడిది ఇక్కడే పుట్టినా అదీ మన పాస్‌పోర్టే.

పొద్దున్నే లేచి దిబ్బరొట్టె కాల్చాను. ప్రయాణానికి అంతకు మించిన తిండి లేదు. చెమ్మగిల్లదు, పాడవదు, ఇంత ఆవకాయ ముద్ద ఉంటే చాలు. మెట్రో ఎక్కి, ట్రామ్ మారి రేవుకి చేరాం. రేవు అన్నానని ఏటిగట్టూ, రావిచెట్టూ ఊహించుకోకండి. విమానాశ్రయంలా ఉంది. టిక్కెట్టు మీది గీతల్ని గేటుకి చూపిస్తే అది తెరుచుకుంది. అంతే! ముద్ర కొట్టేవాడు లేడు, ఎందుకెళ్తున్నారు అని అడిగేవాడు లేడు. నేనింకా కౌంటరు ఎక్కడుందా అని వెతుకుతూ ఉండగానే ఓడలోకి వచ్చేశాం.

మా చిన్నప్పుడు ముక్తేశ్వరం దగ్గర రేవు దాటి కోటిపల్లి వెళ్ళడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. పంటు మీద రెండు కార్లు, పది సైకిళ్ళు, పాల క్యాన్లు, మధ్యలో ఒక పెళ్ళిబృందం. ఈ ఓడ 212 మీటర్ల పొడవు, 2,800 మంది పడతారట. అడుగున లారీలూ బస్సులూ కార్లూ వరసలు కట్టి ఎక్కుతున్నాయి. పైన హోటళ్ళు, పిల్లలాడుకునే గది, ఏకంగా ఒక సూపర్ మార్కెట్టు. పదిన్నరకి బయల్దేరితే పన్నెండున్నరకి అవతల ఒడ్డు. దూరం ఎనభై కిలోమీటర్లు.

ఒక విషయం నాకు వింతగా అనిపించింది. ఎక్కిన మగవాళ్ళలో చాలామంది చేతుల్లో మడతపెట్టిన చక్రాల బండ్లున్నాయి. మన రైల్వే స్టేషన్లో సామాన్లు లాగే బండ్లలాంటివి, ఖాళీగా. “సామానే లేదు, బళ్ళెందుకే?” అన్నాను. “వచ్చేటప్పుడు చూద్దువుగాని” అంది. అల్లుడు విప్పి చెప్పాడు. ఫిన్లాండులో గట్టి మందు ప్రభుత్వం నడిపే ఆల్కో దుకాణాల్లోనే దొరుకుతుంది, పన్ను కూడా బాగా ఎక్కువ. ఎస్టోనియాలో చవక. అందుకని శనివారం పూట ఓడెక్కి వెళ్ళి, పెట్టెలకి పెట్టెలు బీరు కట్టుకుని వస్తారు.

నాకు నవ్వు ఆగలేదు. “దీనికింత పెద్ద ఓడెందుకు? మా యానాం కథే కదా ఇది!” అన్నాను. గోదావరి జిల్లాల వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. చుట్టూ ఆంధ్రా. అక్కడ మందు చవక. ఎదుర్లంక దగ్గర వారధి వచ్చాక కోనసీమ వాళ్ళకి మరీ దగ్గరైపోయింది. వారధి లేని రోజుల్లో పడవలో గౌతమి దాటి వెళ్ళేవాళ్ళు. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది, అంటే అచ్చంగా పరదేశమే. మా అమ్మమ్మ “పరాసు వాళ్ళ ఊరు” అనేది. ఆవిడ పెళ్ళి జరిగింది అక్కడే. 1929లో శారదా చట్టం చేశారు, మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. అయితే ఆ చట్టం బ్రిటిష్ వాళ్ళ ఇండియాకే. ఏరు దాటితే చెల్లదు. ఇంకేం, తొమ్మిదేళ్ళ పిల్లల్నీ పదేళ్ళ పిల్లల్నీ పడవెక్కించి, యానాంలో పుస్తె కట్టించి తెచ్చేవాళ్ళు. యానాం పెళ్ళిళ్ళని వాటికి పేరే ఉంది. అమ్మమ్మకి అప్పుడు తొమ్మిది.

ఈ మాట చెబితే మా అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. నేనప్పుడు గమనించుకోలేదు.

పైన కిటికీ పక్క కుర్చీల్లో కూర్చుని దిబ్బరొట్టె విప్పాం. పక్కనే యాభై దాటిన ఒకావిడ ఒంటరిగా కూర్చునుంది. వాసనకి తల తిప్పి చూసింది. ఒక ముక్క ఇచ్చాను, ఆవకాయ వద్దులెమ్మని సైగ చేశాను. తిని, బాగుందంది. ఫిన్లాండులో ఎవరూ ఎవర్నీ పలకరించరని పోయినవారం నేను రాసిన మాట ఈవిడ విషయంలో తప్పింది. ఎందుకంటే ఈవిడ ఫిన్లాండు మనిషి కాదు, టాలిన్ మనిషి. ఎస్పోలో వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది. వరసగా కొన్నాళ్ళు షిఫ్టులు చేసి, సెలవు దొరగ్గానే ఓడెక్కి ఇంటికెళ్ళి, మళ్ళీ వస్తుంది. ఇల్లూ పిల్లలూ అక్కడ, జీతం ఇక్కడ. భవనాల పనికీ, ఇలాంటి పనులకీ ఇలా తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారట. మా అమ్మాయి ఫిన్నిష్‌లో అడుగుతూ, నాకు తెలుగులో చెబుతూ ఉంది.

“మీకు ఫిన్నిష్ ఇంత బాగా ఎలా వచ్చింది?” అని అడిగించాను. టీవీ చూసి, అంది. ఆవిడ చిన్నప్పుడు ఎస్టోనియా సోవియట్ యూనియన్ కింద ఉండేది. 1940లో కలిపేసుకున్నారు, మధ్యలో మూడేళ్ళు జర్మన్లు, మళ్ళీ 1944 నుంచి 1991 దాకా సోవియట్లే. ఈ ఎనభై కిలోమీటర్లూ దాటడానికి సామాన్యుడికి వీల్లేదు. కానీ హెల్సింకీ టీవీ తరంగాలకి సరిహద్దు తెలీదు కదా, టాలిన్ మిద్దెల మీద యాంటెన్నాలకి చక్కగా తగిలేవి. అమెరికా సీరియల్ ‘డల్లాస్’ ఫిన్లాండు టీవీలో వేస్తుంటే ఊరు ఊరంతా చూసేదట. “హెల్సింకీలో రేపు వాన పడుతుందో లేదో నాకు రోజూ తెలిసేది. హెల్సింకీలో అడుగు పెట్టింది మాత్రం పద్ధెనిమిదేళ్ళు వచ్చాక” అంది.

రెండు భాషలూ అక్కచెల్లెళ్ళే గానీ, ఒక్కోసారి బోల్తా కొట్టిస్తాయని నవ్వింది. ‘హల్లితుస్’ అంటే ఫిన్నిష్‌లో ప్రభుత్వం, ఎస్టోనియన్‌లో బూజు. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర అని మద్రాసులో మా పిన్ని తెలుసుకున్న రోజు గుర్తొచ్చింది.

తర్వాత ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళ తాతగారి తమ్ముడు 1944లో, సోవియట్ సైన్యం తిరిగొస్తోందని, చేపల పడవలో స్వీడన్‌కి వెళ్ళిపోయాడు. ఆ శరదృతువులో అలా చిన్న చిన్న పడవల్లో సముద్రం మీద పడ్డవాళ్ళు వేలమంది. కొందరు చేరారు, కొందరు మునిగారు. ఈయన చేరాడు. ఉత్తరాలొచ్చేవి. మనిషి మాత్రం మళ్ళీ రాలేదు, అన్నగారు పోయినా రాలేకపోయాడు. “రెండు నెలల్లో వస్తా అని వెళ్ళాడట” అంది. ఆ మాట మా అమ్మాయి తెలుగులోకి కాస్త ఆలస్యంగా మార్చింది.

టాలిన్ గురించి ఎక్కువ చెప్పను. ఫొటోలు మీరెక్కడైనా చూడొచ్చు. రేవు నుంచి పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే పాత ఊరు. రాతి గోడలు, ఎర్ర పెంకుల బురుజులు, కాళ్ళు నొప్పెట్టే గుండ్రాళ్ళ వీధులు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు. చౌకులో పాత మునిసిపల్ భవనం, 1404లో పూర్తయింది. దానికెదురుగా ఒక మందుల షాపుంది, కనీసం 1422 నుంచి అక్కడే ఉంది, ఇప్పటికీ మందులు అమ్ముతోంది. ఆరొందల ఏళ్ళ కొట్లో నేను కొన్నది మోకాళ్ళ నొప్పికి ఒక ట్యూబు. మనవడు బాదంపప్పు ముద్దతో చేసిన ఏనుగు బొమ్మ కొనిపించుకుని, అయిదు నిమిషాల్లో తొండం తినేశాడు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం వీరు హోటలు. అల్లుడు ముందే టిక్కెట్లు తీసుకున్నాడు. 1972లో తెరిచిన పెద్ద హోటలిది, కట్టింది ఫిన్లాండు వాళ్ళే. 1965లో హెల్సింకీకీ టాలిన్‌కీ మధ్య ఓడ మళ్ళీ మొదలైంది. ఫిన్లాండు వాళ్ళు రావచ్చు, తాగొచ్చు, డబ్బు ఖర్చు పెట్టొచ్చు. వీళ్ళు మాత్రం అటు వెళ్ళకూడదు. వచ్చినవాళ్ళందర్నీ ఒక్కచోట పెట్టాలి, కనిపెట్టాలి. అందుకని ఈ హోటలు. లిఫ్టులో 22 అంతస్తుల దాకానే మీటలు. పైన 23వది ఉంది. అక్కడ కేజీబీ వాళ్ళ గది. దాదాపు అరవై గదుల్లో మాటలు వినే ఏర్పాట్లుండేవని చెప్పారు. ఈ హోటలు సగం కాంక్రీటుతో, సగం మైక్రోఫోన్లతో కట్టారని ఊళ్ళో జోకు. 1991లో వాళ్ళు ఖాళీ చేసి పోయారు, ఇప్పుడు ఆ గది మ్యూజియం. తుప్పు పట్టిన యంత్రాలు, తెంపేసిన తీగలు, ఒక ఎర్ర టెలిఫోను.

ఆ పై అంతస్తు బాల్కనీలోంచి చూస్తే ఒక పక్క పాత ఊరి శిఖరాలు, ఇంకో పక్క సముద్రం, రేవులో మేం వచ్చిన తెల్ల ఓడ. అంత దగ్గరగా కనిపిస్తోంది. యాభై ఏళ్ళు ఈ ఊరి జనం దాన్ని అలా చూస్తూ కూర్చున్నారు! 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా మూడు దేశాల జనం, ఇరవై లక్షల మంది దాకా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు పొడుగునా నిలబడ్డారని గైడు చెప్పింది. ఆరొందల కిలోమీటర్ల పైన. రెండేళ్ళకి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది. ఆవిడ గొంతులో దేశం అన్న మాట పలికినప్పుడల్లా ఒక బరువుంది. మా అమ్మాయి కిటికీ దగ్గరే నిలబడిపోయింది. కాళ్ళు నొప్పులేమో అనుకున్నాను.

తిరిగి రేవుకొస్తుంటే పాత కోట గుమ్మం పక్కన, గుట్టమీద ఒక నల్లటి ఇనుప వంతెన సగంలో తెగి గాల్లో ఆగిపోయి ఉంది. 1994 సెప్టెంబరు 28న ఎస్టోనియా అనే ఓడ టాలిన్ నుంచి స్టాక్‌హోమ్ వెళ్తూ తుపానులో మునిగింది. 852 మంది పోయారు. వాళ్ళ గుర్తుగా కట్టింది అది. ఓడెక్కే ముందు చూడాల్సిన వస్తువు కాదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదాట్లో పడవ మునిగినప్పటి రోజులు గుర్తొచ్చి, నేను మనవడి చెయ్యి కాస్త గట్టిగా పట్టుకున్నాను. “అమ్మమ్మా, నొప్పి” అన్నాడు.

సాయంత్రం ఏడున్నర ఓడ. పొద్దుటి బళ్ళన్నీ ఇప్పుడు నిండిపోయాయి. బీరు పెట్టెలు అయిదేసి ఆరేసి ఒకదానిమీద ఒకటి, సాగే తాళ్ళతో కట్టి, బరబరా లాక్కొస్తున్నారు. జూన్ నెల కదా, ఎనిమిదైనా ఎండ మన నాలుగు గంటల ఎండలా ఉంది. అల్లుడూ మనవడూ ఆటగదికి వెళ్ళారు. అమ్మాయీ నేనూ పైన బల్ల మీద కూర్చున్నాం. గాలికి దాని జుట్టు నా మొహాన పడుతోంది.

“అమ్మా, ఒక మాట చెబుతాను. బాధపడకు” అంది.

అలా మొదలెట్టిన మాట ఏ తల్లికి మంచిదై ఉంటుంది? నేను మనసులో నాలుగు రోగాలూ, ఒక విడాకులూ ఊహించేసుకున్నాను.

“మేం పౌరసత్వానికి అప్లై చేద్దామనుకుంటున్నాం.”

“ఎక్కడ?” అన్నాను. ఎంత తెలివైన ప్రశ్నో చూడండి.

ఇక్కడే, అంది. ఫిన్లాండులో అయిదేళ్ళుంటే చాలనేవారు, 2024 అక్టోబరు నుంచి ఎనిమిదేళ్ళు చేశారు. వీళ్ళకి తొమ్మిది నిండాయి. భాష పరీక్ష ఇద్దరూ పాసయ్యారు, నాకు చెప్పలేదు. ఫిన్లాండు రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది గానీ మన చట్టం ఒప్పుకోదు. ఇది తీసుకుంటే అది పోతుంది. నీలం అట్ట పాస్‌పోర్టు వెనక్కిచ్చెయ్యాలి. ఆ తర్వాత ఓసీఐ కార్డు తీసుకుంటే ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. “వీసా అక్కర్లేదమ్మా. ఏమీ మారదు” అంది.

“ఏమీ మారకపోతే ఎందుకే మరి?” అన్నాను. కాస్త కటువుగానే అన్నాననుకుంటా.

కాసేపాగి, “ఇక్కడ నాకు మునిసిపాలిటీ ఎన్నికల్లోనే ఓటుంది. పార్లమెంటుకి లేదు. పన్ను కడతాను, పిల్లాణ్ణి ఇక్కడి బళ్ళో వేశాను. నా గురించి చట్టం చేస్తుంటే టీవీలో చూస్తూ కూర్చోవడమే” అంది.

“మన దగ్గర ఓటుందిగా.”

“వెయ్యాలంటే టిక్కెట్టు కొనుక్కుని ఊరు రావాలి. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా వెయ్యలేదు.”

“మీ నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు ఎలక్షను డ్యూటీ చేశారే. జ్వరమొచ్చినా బ్యాలెట్ పెట్టె మోసుకుని లంకలకి వెళ్ళారు” అన్నాను. ఆయన పోయి ఆరేళ్ళైంది, ఆయన్ని అడ్డం పెట్టుకుని గెలుద్దామని నా ఎత్తు.

“అందుకే కదమ్మా” అంది. “నాన్న ఉంటే ఓటు లేకుండా అన్నేళ్ళు ఎలా ఉన్నావే అని అడిగేవారు.”

నిజమే, ఆ మనిషి అలాగే అడిగేవాడు. నాకింక మాట దొరకలేదు.

అమ్మమ్మ పెళ్ళి కథ పొద్దున్న నేను పూర్తిగా చెప్పలేదు. ఆవిడ నాకు చెప్పినప్పుడు నాకు పన్నెండేళ్ళు. “తెల్లారగట్ల పడవెక్కాం, పొద్దుగూకేసరికి మళ్ళీ ఇవతలి ఒడ్డునున్నాం. వెళ్ళేటప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చున్నాను. వచ్చేటప్పుడు మా అత్తగారి పక్కన కూర్చోబెట్టారు. అమ్మ అదే పడవలో అటు చివరుంది, పిలిస్తే పలికేంత దూరమే” అంది. ఏడ్చావా అని అడిగాను. “నాకు తెలిస్తే కదా ఏడవడానికి” అంది. ఇదంతా మా అమ్మాయికి ఆ బల్ల మీద కూర్చుని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకూ సరిగ్గా తెలీదు. పోలిక కుదరదు కూడా. అమ్మమ్మని ఎవరూ అడగలేదు. ఇది తొమ్మిదేళ్ళు ఆలోచించుకుంది, పరీక్ష రాసింది, నాకెలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ ఓడంతా తిరిగింది.

“చెప్పడానికి ఇంత దూరం తీసుకొచ్చావా?” అన్నాను.

“ఇంట్లో అయితే నువ్వు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతావు” అంది.

అదీ నిజమే.

ఎదురుగా హెల్సింకీ చిన్న చిన్న దీవులు ఒక్కొక్కటే వస్తున్నాయి. గంట తొమ్మిది దాటింది, సూర్యుడు ఇంకా నీళ్ళమీదే ఉన్నాడు. కింద తలుపుల దగ్గర బళ్ళవాళ్ళు అప్పుడే వరసకట్టేశారు. దిగేటప్పుడు కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఇల్లు చేరేసరికి పదిన్నరైంది. మనవణ్ణి పడుకోబెట్టి, అమ్మాయి బ్యాగులోంచి పాస్‌పోర్టులు తీసింది. బీరువా తలుపు పట్టుకుని నిలబడి, “నీది విడిగా పెట్టనా అమ్మా?” అంది.

“ఇప్పట్నుంచే ఎందుకు, వాటితోనే ఉంచు” అని, పాలు తోడెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళాను.